సుడలైముత్తు మార్చేసిన ప్రాసెసర్

శివకాశిలో క్యాలెండర్ల ప్రెస్సు. కంప్యూటర్ గది. ఆయుధ పూజ అయిన మూడో రోజు పొద్దున.

“నకిలీ సరుకు అంటగట్టి, ఇప్పుడు చూస్తానంటూ వచ్చావా?”

“గురువసామి అన్నాచ్చీ, ముందు నన్ను చూడనివ్వండి.”

“ఏం చూస్తావమ్మా తేన్మొళీ? పాత ప్రాసెసర్‌తో పేజీ అచ్చు ప్లేటుకి వెళ్లడానికి నాలుగు నిమిషాలు పట్టేది. నిమిషంలో వెళ్తుందని కొత్తది పెట్టావు. ఇప్పుడు ఇరవై! మదురై వాళ్ల క్యాలెండర్లు ఎల్లుండి లారీ ఎక్కాలి. బయట మిషన్లన్నీ నోరు తెరుచుకుని కూర్చున్నాయి.”

“పూజ ముందు రోజు పెట్టాను. మీ కళ్లముందే నిమిషంలో వెళ్లిందా లేదా?”

“వెళ్లింది. అందుకే అంటున్నా. నువ్వు కాకపోతే ఈ కంప్యూటర్ మీద కూర్చునే ఆ సుడలైముత్తు. మంచిది పీకి అమ్ముకుని చెత్తది పెట్టాడు. నిన్న పని మాన్పించేశా.”

“ఇరవై రెండేళ్లు మీ దగ్గర చేసిన మనిషిని.”

“పాముకి పాలు పోశా.”

“దొంగ అన్నారా?”

“అన్నా. అందరి ముందూ అన్నా. ఈ ఊళ్లో ఇంకే ప్రెస్సూ వాణ్ణి గడప ఎక్కనివ్వదు.”

“అయితే ఇలా రండి. తెర మీద చూడండి. ఇది నేను పెట్టిన ప్రాసెసరే. నా బిల్లు మీదున్న నంబరే. చదవండి.”

“కళ్లజోడు లేదు.”

“జేబులో ఉంది.”

“... సరే, అదే. అదే అయితే ఎందుకిలా ఏడుస్తోంది?”

“వేడి. తొంభై ఎనిమిది డిగ్రీలు. కాలిపోకుండా తనంతట తనే వేగం తగ్గించుకుంటోంది. గాలి ఆడట్లేదు దానికి.”

“ఏసీ పద్దెనిమిదిలో పెట్టా! నేను వణికి చస్తున్నా!”

“మీకు ఆడుతోంది, దానికి ఆడట్లేదు. గాలి పీల్చేది డబ్బా ముందున్న ఈ చిల్లుల్లోంచి. వాటికి అడ్డంగా ఇదేంటి, ఇంత పటం, నాలుగు వైపులా టేపు?”

“ముట్టుకోకు! పూజ రోజు అచ్చయిన మొదటి షీటు, అమ్మవారు. మా నాన్న కాలం నుంచీ ప్రతి మిషన్‌కీ అంటిస్తాం. పోయినేడూ దీనికి నా చేత్తోనే అంటించా. అప్పుడు నిదానించిందా?”

“పాతదానికి వేడి తక్కువ, ఓర్చుకుంది. కొత్తదానికి రెట్టింపు గాలి కావాలి.”

“కబుర్లు!”

“ఈ మూల టేపు ఎవరు ఊడదీశారు? దాని మీద మళ్లీ కొత్తది వేసుంది.”

“ఎవరో...”

“ఎవరు అన్నాచ్చీ?”

“వాడే. నిన్న పొద్దున. అమ్మవారి మీద చెయ్యేస్తాడా? చెంప పగలగొట్టా.”

“ఎందుకు తీస్తున్నావని అడిగారా?”

“ఏదో గొణిగాడు. గాలి, గాలి అని. కోపంలో ఉన్నా, నాకేం వినబడుతుంది?”

“మరి దొంగతనం?”

“అది... తర్వాత తట్టింది.”

“తర్వాత తట్టిందా! చెంప పగలగొట్టాక, దానికో కారణం కావాలి కాబట్టి తట్టిందా?”

“గొంతు తగ్గించు. బయట పనివాళ్లున్నారు.”

“నిన్న అది విన్నారుగా, ఇవాళ ఇదీ విననివ్వండి. పటం తీస్తున్నా.”

“ఆగు, ఆగు! చిరుగుతుంది!”

“చిరగలేదు. పట్టుకోండి. కళ్లకద్దుకుంటారో ఏం చేస్తారో మీ ఇష్టం. తెర చూడండి. తొంభై... ఎనభై రెండు... డెబ్బై. ఇప్పుడు పేజీ పంపండి.”

“పంపా.”

“ఆగండి.”

“... వెళ్లిపోయింది. నిమిషం కూడా పట్టలేదు. వచ్చీ రాగానే పట్టేశావే, ఎలా తెలిసింది నీకు?”

“నాకేం తెలీదు. నిన్న సాయంత్రం సుడలైముత్తన్న ఫోన్ చేశాడు. మదురై లారీ ఆగకూడదన్నాడు. పై మూలల నుంచి మెల్లగా ఊడదియ్యమ్మా, పటం చిరిగితే అన్నాచ్చి తట్టుకోలేడు అన్నాడు.”