గురక

బాపట్ల బస్టాండులో హారన్ల గోలకి ఫోన్ వినపడక, ఆమె స్పీకర్ పెట్టింది. అవతల పిట్టలవానిపాలెం ఇంట్లోంచి భర్త మాట్లాడుతున్నాడు.

"గడ్డివాము దగ్గర నాన్నని కందిరీగలు కుట్టాయి. ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. నీ ఎలర్జీ మాత్ర ఒకటి ఇచ్చాలే."

"నా మాత్ర మావయ్యగారికి ఎందుకిచ్చారండి? ఆయన బీపీకి వేరే మందులు వాడుతున్నారు. డాక్టర్ని అడగొద్దా?"

"నీకు పనిచేసింది నాన్నకి చెయ్యదా ఏంటి? అప్పుడే హాయిగా నిద్రపోయాడు."

"ఎప్పుడిచ్చారు?"

"ఇప్పుడే, నువ్వు ఫోన్ చేసేముందు."

"వేసుకున్న గంటకి గానీ నాకే మత్తు రాదు. ఇంతలోనే నిద్రేంటి?"

"నమ్మవేం? గురక కూడా పెడుతున్నాడు. విను."

"మావయ్యగారికి గురక ఎప్పుడుందండీ?"

ఫోన్లో గరగరమని చప్పుడు వినపడింది.

"ఏవండీ, లేపండి ఆయన్ని!"

"నాన్నా! నాన్నా! లేవట్లేదే. పెదాలు వాచిపోయాయి."

"నోరు తెరిచి చూడండి."

"మాత్ర నాలుక మీదే ఉంది. మింగలేదు. ఉండు, నీళ్లు పోసి మింగిస్తా."

"వద్దు! చుక్క కూడా పొయ్యొద్దు. గొంతు వాచి మింగలేకపోయారు. అది నిద్ర కాదండీ, ఊపిరాడట్లేదు. మాత్ర తీసేసి నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యండి."

"నువ్వు ఫోన్ పెట్టెయ్యకే. నాకు భయంగా ఉంది."

"నాకూ భయంగానే ఉందండి. నేను పెట్టేస్తేనే మీరు వాళ్లకి చెయ్యగలరు."

ఆమె పెట్టేసింది.