విమలాదేవి పేరున్న మిషన్

బహదూర్‌పురాలో బర్రెల కొట్టాన్ని ఆనుకుని ఉన్న కొమురమ్మ, రామ్‌చందర్‌ల ఒంటి గది ఇల్లు, సాయంత్రం పాలు పితికే వేళ. ట్రస్టు తరఫున వచ్చిన తనూజ గడప దగ్గర చెప్పులు విడుస్తోంది. రెండు చెప్పులు విడవడానికి అంతసేపు ఎందుకో ఆమెకే తెలియాలి.

“ఇంక ఆడ్నే నిలవడ్డవేంది, లోపటికి రా తనూజా. ఆటో ఎందుకు ఆపి పెట్టినవ్? పంపించెయ్. చాయ్ తాగకుండ పోతవా ఏంది?”

“ఉండనియ్ కొమురమ్మ పెద్దమ్మా. ఆటోల సామాన్ ఉంది.”

“ఏం సామాన్?”

“ట్రస్టుదే. బాపు ఎట్లున్నడు?”

“గదిగో, మంచం మీద. ఆక్సిజన్ మిషన్ గుర్రుమంటనే ఉంటది, ముక్కుకు పైపు ఉంటది. గది ఉన్నంతసేపు మనిషి నిమ్మళం. నిన్న ఏం జేసిండో ఎరికేనా మీ బాపు? నేను పాలు పోసొచ్చేసరికి పైపు తీసేసి, దూడను చూస్తనని కొట్టం దాంక నడిచిండు.”

“పైపు లేకుండనా? ఎంతసేపు ఉన్నడు?”

“ఎంతసేపేంది, పోయిండు, వచ్చిండు. వచ్చేసరికి పెదాలు నీలంగైనయి. మళ్ల పెట్టంగనే మంచిగైండు. మస్తు తిట్టిన.”

“అంటే... కొంచెంసేపు లేకున్నా నడుస్తదన్నట్టు.”

“నడుస్తదని ఎవలన్నరు? పెదాలు నీలంగైనయంటే ఇనవడలేదా నీకు?”

“ఇనవడ్డది పెద్దమ్మా.”

“ఇయ్యాల ఏందో తీరుగున్నవ్. ఆగాగు, ఫోటోకు వచ్చినవా? ముందుగాల ఫోన్ జెయ్యొద్దా? ఈయనకు తెల్లంగి తొడుగుత. గడ్డం గూడ గీయలేదు.”

“ఫోటోకు కాదు.”

“మళ్ల ఫోటోనా... అమ్మో. పోయినసారే... నా పానం తీసింది... గీ పిల్ల.”

“నువ్వు మాట్లాడకయ్యా, ఆయాసమొస్తది. నేను చెప్త. మిషన్ ఇచ్చిన నాడు, కొనిచ్చిన దీక్షిత్ సార్ ఒక దిక్కు పట్టుకున్నడు, ఈయన ఒక దిక్కు. గంతల్నే నువ్వు లొల్లి పెట్టినవ్ గదా తనూజా, ‘బాపూ, నీ చెయ్యి కిందికి పెట్టు, ఇచ్చెటోళ్ల చెయ్యి పైకుండాలె’ అని. ఈయన మర్చిపోయి మళ్ల పైకి పెడుతుండె. పాలు పోసిన చెయ్యది, పెద్దయ్యిన కాన్నుంచి ఇంటింటికి పోసుడే. కిందికి ఎట్ల పెట్టాల్నో దానికెట్ల ఎరుక?”

“దాతల వాట్సాప్ గ్రూపుల పెట్టాలె గదా పెద్దమ్మా. గా ఫోటో చూసే ఇంకొకాయన పోలియో పిల్లగానికి బండి కొనిచ్చిండు. ఒకరిది చూస్తే ఇంకొకరికి ఇయ్యబుద్ధైతది. గట్లనే నడుస్తది ట్రస్టు.”

“నడవనియ్, మంచిదే. మేం ఏమన్నం? అవునుగని, బర్రె ఈనినప్పుడు సార్ వాళ్లింటికి జున్ను వండి పంపిన గదా. తిన్నరా?”

“ఆఁ.”

“ఏమన్నరు?”

“బాగుందన్నరు.”

“సక్కెర ఎక్కువైందేమోనని ఒకటే ఫికరు నాకు. ఆ ముసలాయనకు షుగర్ గిట్ల ఉంటదేమో, బెల్లం వెయ్యాల్సుండె.”

“పెద్దమ్మా, ఆ ముసలాయన... దీక్షిత్ సార్ వాళ్ల నాయిన, రామలింగయ్య సార్. దవఖానల ఉండె. నిన్న ఇంటికి తెచ్చిండ్రు.”

“అయ్యో! ఏమైంది?”

“నిమోనియా. ఊపిరి అందుతలేదు. కొన్ని దినాలు ఇంట్ల ఆక్సిజన్ మీదనే ఉంచాలన్నరు.”

“పాపం. పెండ్లాం పోయిన దుఃఖమే ఇంక తీరకపాయె. గా మహాతల్లి పేరు మీదికెళ్లే గదా మాకు గీ మిషన్ వచ్చింది. ఇటు సూడు, మిషన్ మీద ఆమె పేరుకు బొట్టు పెట్టిన. శుక్రారం శుక్రారం పెడ్త. నాకు సదువు రాదుగని విమలాదేవి అచ్చరాలు ఏడున్నయో ఎరికే.”

“పెద్దమ్మా...”

“ఈయనకు నిమ్మళమైనట్టే ఆయనకు గూడ కావాలె. గిసొంటి మిషనే కొనమను. కరెంటు పోతెనే కష్టం గని, లేకుంటే మంచిగ నడుస్తది.”

“వాళ్లు కొంటలేరు.”

“కొనకుంటే ఎట్ల?”

“గిదే కావాలంటున్నరు.”

“గదే అంటున్న, గిసొంటిదే కొనమను.”

“గిసొంటిది కాదు. గీ మిషనే. అందుకే వచ్చిన.”

“చాయ్‌ల సక్కెర ఎంత ఎయ్యమంటవ్?”

“పెద్దమ్మా, ఇన్నవా నేను చెప్పింది?”

“సక్కెర ఎంత ఎయ్యాల్నో చెప్పరాదు!”

“నాకు చాయ్ వద్దు.”

“వద్దా? ఎన్నడన్న వద్దన్నవా మా ఇంట్ల? ఇయ్యాల ఎందుకు వద్దో? మా చాయ్ తాగి మా మిషన్ గుంజుకపోవుడు మంచిగుండదనా?”

“గట్ల అనకు.”

“మరెట్ల అనాలె? వాళ్లకు పైసల్లేవా? అఫ్జల్‌గంజ్‌ల గంత పెద్ద దుకాణం, హోల్‌సేల్ దందా. కొననీకి ఏం రోగం?”

“మనది మనకుండంగ బయట తిరుగుడెందుకు అంటున్నరు. మా ట్రస్టు పెద్దాయన వేణుగోపాల్ సార్ గూడ చీకటి పడకముందే చేర్చాలన్నడు.”

“ఇచ్చిన నాడు ‘మాది’ అనలే గదా! ‘ఇగ మీదే అనుకోండమ్మా’ అన్నడు గా దీక్షిత్ సార్. నేను నా చెవులతోటి ఇన్న. నువ్వు ఇనలేదా?”

“ఇన్న.”

“మరి చెప్పాలె గదా!”

“చెప్పిన పెద్దమ్మా. బతిమిలాడిన. ఇనలేదు. బాపుకు సిలిండర్ తెచ్చిన, ఆటోల ఉంది. తెల్లారేదాంక వస్తది.”

“తెల్లారినంక?”

“నింపించి తెస్త.”

“ఎవలు తెస్తరు?”

“నేనే. శాలిబండకెళ్లి ఈడికి ఎంతసేపు? పొద్దుగాల్నే వస్త. ఒట్టు.”

“నువ్వు రాని నాడు?”

“వస్త.”

“వానొచ్చి రోడ్లు మునిగిన నాడు? నీకే జొరమొచ్చిన నాడు? చెప్పరాదు, గప్పుడు ఈయన ఏం పీల్చాలె? బర్రెల కొట్టం గాలా?”

“నేనేం జెయ్యాలె చెప్పు. కిడ్నీ పేషెంట్లను దవఖానకు తీస్కపోయే ఆటోలు గా సార్ ఇచ్చే పైసలతోనే నడుస్తున్నయి. ఆయన ఆపితే వాళ్లు ఎట్ల పోతరు? కూసోని లేవలేనోళ్లున్నరు అండ్ల. నేను ఎవల్ని చూడాలె? వాళ్లనా, బాపునా?”

“నన్ను అడుగుతవేంది? నాకు ఒక్కడే మొగడు, బిడ్డా. నాకు గా లెక్కలు రావు.”

“నాకు మాత్రం వస్తయా పెద్దమ్మా...”

“ఏడువకు. ఏడిస్తే ఏమొస్తది. ఫోన్ జెయ్యి ఆయనకు. నాకు ఇనవడేటట్టు పెట్టు.”

“స్పీకర్ పెట్టిన్నంటే కోపానికొస్తడు.”

“రానియ్. పెట్టు.”

“హలో, తనూజా? బయల్దేరిండ్రా? నాన్న మస్తు పరేషాన్ ఐతున్నడు.”

“దీక్షిత్ సార్, ఇంక రామ్‌చందర్ బాపు వాళ్లింట్లనే ఉన్న. సార్, ఈయనకు పొద్దంత రాత్రంత కావాలె. ఊపిరితిత్తులు ఎండిపోయినయి. తీస్తే కష్టం. మీరు ఒకటి కిరాయికి తీస్కుంటే...”

“కిరాయి మిషన్లు ఎవరెవరు వాడిండ్రో ఏమో! నాన్నకు అసలే నిమోనియా.”

“ఇది గూడ ఈడ వాడుతున్నదే గదా సార్.”

“అది వేరే. అది అమ్మ పేరు మీద మనం కొన్నది. మనదని ఒక నమ్మకం ఉంటది. పైపు మార్పిస్త, సరిపోతది. చూడు, నేను ఇచ్చింది వాపస్ అడుగుతలేను. కొత్తది ఆర్డర్ పెట్టిన. అది రాంగనే ఇది మళ్ల వాళ్లింటికే. నాలుగైదు రోజులు, అంతే.”

“నాలుగైదు రోజులంటే సార్...”

“రాత్రంత కూసోనే ఉన్నడు తనూజా! పండుకుంటే ఊపిరాడుతలేదు. దిండ్లు పెట్టి నేను వెనకాల కూసున్న. మీరు నా తావుల ఉంటే ఏం జేస్తరు?”

“నేను మీ తావుల్నే ఉన్న సార్, ఏడాదిన్నర సంది.”

“ఎవరు?”

“కొమురమ్మను సార్. మిషన్ మా ఇంట్లనే ఉన్నది.”

“ఓ. నమస్తే అమ్మా. మీరేం ఫికర్ చెయ్యకండి. సిలిండర్ పంపిన గదా, అది గూడ మంచిగ పనిచేస్తది.”

“మంచిగ పనిచేస్తే మీ నాయినకే పెట్టుకోండ్రి సార్.”

“...తనూజా, స్పీకర్ మీద పెట్టిండ్రా? గిట్లనా మాట్లాడిచ్చేది? మా ఇంట్ల పెద్దమనిషి పానం మీదికొస్తే... సరే. నేను వేణుగోపాల్ గారితోనే మాట్లాడుత.”

“సార్, సార్, ఒక్క నిమిషం... కట్ జేసిండు.”

“జెయ్యనియ్. గీ మాటలాయన ఇంటికా నేను జున్ను వండి పంపింది? బర్రె ఈనిన మొదటి పాలు. ఇంట్ల ఈయనకు గూడ పెట్టకుండ పంపిన. తిన్నంక గూడ ఒక మనిషికి ఇంత...”

“తినలే పెద్దమ్మా.”

“ఏంది?”

“వాళ్లు తీస్కోలే. గేట్ కాడికెళ్లే వాపస్ పంపిండ్రు. ‘మనం ఇచ్చినోళ్ల దగ్గర మనమే తీస్కునుడేంది, బాగుండదు’ అన్నడంట సార్. గిన్నె ఆఫీసుకు తెచ్చిన, మేమే తిన్నం. నీకు చెప్పబుద్ధి గాలే.”

“బాగుందన్నరంటివి గదనే.”

“మేమన్నం. బాగుండె.”

“...సక్కెర ఎక్కువ గాలే గదా?”

“లేదు పెద్దమ్మా.”

“ఏమే... ఇటు రా.”

“వస్త ఆగు. నువ్వు మాట్లాడకు.”

“గీ పైపు... తియ్యి.”

“ఎందుకు? కుడుతున్నదా?”

“మిషన్... ఇచ్చేద్దాం.”

“నీకేమన్న పిచ్చి లేసిందా? నేనిట్ల కొట్లాడుతుంటే నువ్వు ఇచ్చేద్దాం అంటవ్!”

“కూసోనే ఉన్నడంట... రాత్రంత. గా బాధ... ఎట్లుంటదో... నాకెరికే. నీకు గూడ ఎరికే. నువ్వు గూడ కూసున్నవ్ గదా... నా ఎన్కాల.”

“కూసున్న. అందుకే ఇయ్యనంటున్న.”

“పెండ్లాం పేరున్నది. ముసలాయనకు... గది కండ్ల ముంగట ఉంటే... నిమ్మళమైతదేమో.”

“వద్దు బాపూ. నేను ఒట్టి చేతులతోనే పోత. ఏమంటరో అననియ్. నౌకరి పోతే పోనియ్.”

“నువ్వు పోతే... ఇంకొకల్ని పంపుతరు. గా ఆటోలల్ల పోయెటోళ్లు... ఏమైతరు? నువ్వు పోకు... ఈడ్నే ఉండాలె. సిలిండర్ నింపి తెస్తనన్నవ్... తేవాలె.”

“తెస్త బాపూ. సచ్చినా తెస్త.”

“సావకుండనే తే.”

“నీ నవ్వు మన్నువడ! గిట్లున్నప్పుడు నవ్వుతరా? నువ్వు ఇస్తనంటే అయితదా, నేనొద్దా? నేనివ్వ! నేను గీ మిషన్‌ను పట్టుకొని కూసుంట, ఎవలొస్తరో రానియ్!”

“లొల్లి చెయ్యకు కొమురా. ఇస్తనన్న గని... గీ పిల్లకు ఇస్తనన్ననా?”

“మరి?”

“ఆటోల ఏసుకపోనియ్య. దీక్షిత్ సార్‌ను... రమ్మను. గీ ఇంటికి.”

“రాడు బాపూ. డ్రైవర్‌ను పంపుతనంటడు.”

“డ్రైవర్‌కు ఇయ్య. నాయిన పానం... ఆయనది. ఆయనే రావాలె. వస్తడు. పోయినసారి... ఇయ్యనీకి రాలేదా? ఇప్పుడు... తీస్కపోనీకి రావాలె.”

“వచ్చినంక ఏం మాట్లాడుతవయ్యా? ఆయన సిలిండర్ చూపిచ్చి, దండం పెట్టి, ఎత్తుకపోతడు.”

“ఏం మాట్లాడ. ఏమే... గా తెల్లంగి తే. జెర గడ్డం గూడ... గీయి. తనూజా, నీ ఫోన్‌ల... చార్జింగ్ ఉన్నదా?”

“ఉన్నది బాపూ. ఎందుకు?”

“ఫోటో తియ్యాలె. గ్రూపుల పెట్టాలె... దాతలందరు చూడాలె. జున్ను తీస్కోకపోతే పాయె... ఇది మాత్రం నా చేతులకెళ్లే తీస్కోవాలె. ఇచ్చెటోళ్ల చెయ్యి పైకుండాలె అన్నవ్ గదా బిడ్డా... సార్ వచ్చినంక చెప్పు, గీసారి... ఆయన చెయ్యి కిందికి పెట్టాలని.”