చాందినీ తప్పేమీ లేదు

"తాతా, నీ ఎడమ చేతి ఉంగరం వేలు యుద్ధంలోనే పోయిందా? నాన్ననడిగితే నవ్వుతాడు, చెప్పడు."

యుద్ధమా? ఎవురు చెప్పినారు నీకు, కింద ఫ్లాట్ ఆంటీనా? అవునులే, ఈ సొసైటీలో అందరూ అట్లనే అనుకుంటారు. నేనూ కాదనలే. ఫౌజులో చేసినోడు, చేతికి నాలుగే వేళ్లు, ఇంగ వాళ్లు మాత్రం ఏమనుకుంటారు చెప్పు. ఫోన్లో రికార్డు చేస్తాండావా? చెయ్యి, చెయ్యి. నిజమే చెప్తా.

నేను యుద్ధానికి పోనే లేదు తల్లీ. ఇరవై నాలుగేండ్లు ఫౌజులో గుర్రాలు తోమినా, ఎక్కినా, ఎక్కేవాళ్లకు నేర్పించినా. రిటైరయినాక అనంతపురం పోదామంటే మీ నాన్నకు గుర్గావ్‌లో ఉద్యోగం. అప్పుడు మనముండే ఈ ద్వారక ఇట్ల లేదు, మెట్రో స్తంభాలు లేస్తాండె, అంతే. నజఫ్‌గఢ్ దారిలో ఒక మేడమ్ పిల్లలకు గుర్రపుస్వారీ స్కూలు పెట్టింది. ఆరు గుర్రాలు... కాదు, ఏడు. ఒకటి కుంటిది. నన్ను ఉస్తాద్‌గా పెట్టుకునింది.

నేను చానా స్ట్రిక్టు. మీ అవ్వనడుగు. హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగిస్తేనే పిల్లను గుర్రం దగ్గరికి రానిచ్చేది. మడమ లేని బూట్లు వేసుకొస్తే వెనక్కే. మడమ లేకుంటే పాదం రికాబులోకి, అదే జీను పక్కన కాలు పెట్టే ఇనుప కడియంలోకి, జారి ఇరుక్కుంటాది. కిందపడినా ఊడిరాదు, గుర్రం ఈడ్చుకుని పోతాది. అమ్మలు కొట్లాడేవాళ్లు నాతో. "అంకుల్, బస్ ఏక్ దిన్" అనేవాళ్లు. పడడానికి ఒక దినం చాలు గదా అంటి.

ఇంగ పగ్గం. గుర్రాన్ని నడిపించేటప్పుడు పగ్గం చేతికి చుట్టుకోకూడదు. మిగిలిన తాడు మడతలు పెట్టి పిడికిట్లో పట్టుకోవల్ల. గుర్రం బెదిరితే చెయ్యి తెరిస్తే చాలు, తాడు పోతాది. చుట్టుకుంటే చెయ్యే పోతాది. ఇది తెల్ల బోర్డు మీద ఎర్ర పెయింటుతో హిందీలో నేనే రాసి లాయం గోడకు కొట్టినా. రాంఫల్ అని సాయీసు ఉండె, హర్యానా మనిషి, గుర్రాల మేత, మాలీషు అంతా ఆయప్పే. నా ఈడువాడే. ఒకసారి పగ్గం చుట్టుకున్న్యాడని పిల్లలందరి ముందర ఆయప్ప మీద అరిచి, వారం దినాలు పగ్గం ముట్టుకోనియ్యలే. ఆ మనిషి పేడ ఎత్తడానికి పోయినాడు.

ఆ పొద్దు ఆదివారం. రియా అని తొమ్మిదేండ్ల పాప. చాందినీ అని తెల్ల ఆడగుర్రం మీద కూర్చోని ఉండాది. పగ్గం నా చేతిలో. మీ నాన్న నాకు మొబైల్ కొనిచ్చి నాలుగు దినాలయింటాది. అది మోగింది. మీ అవ్వ.

"యాడుండారు?"

"గుర్రం దగ్గర."

"వచ్చేటప్పుడు కరేపాకు తీసుకురాండి. ఆ మార్కెట్ ముసలాయన దగ్గర వద్దు, వాడిపోయింది ఇస్తాడు."

అప్పట్లో ఈ పక్క కరేపాకు దొరికేదే తక్కువ, తెలుసునా... సరే, అది వదిలెయ్. ఫోను కుడిచేత పట్టుకోవల్ల గదా, పగ్గం ఎడమచేతికి మార్చినా. జారతాండాదని రెండు చుట్లు చుట్టినా. నేనే. చుట్టమని ఎవురూ చెప్పలే.

పక్క ఫామ్‌హౌస్‌లో పెళ్లికి టెంటు వేస్తాండారు. గోడ అవతల పెద్ద తెల్లగుడ్డ ఒక్కసారిగా దులిపినారు. చాందినీ ఎగిరి పరుగు తీసింది. నేను కిందపడినా, తాడు బిగిసింది. ఇరవై అడుగులు ఈడ్చింటాది. రాంఫల్ ముప్పై అంటాడు. వేలు తెగింది కాబట్టి తాడు వదిలింది. పాప కూడా పడింది. పాదం రికాబులోంచి సులువుగా వచ్చేసింది, కానీ తల పోయి కంచె కర్రకు కొట్టుకునింది. ఆ సద్దు... సరే. రాంఫల్ పరిగెత్తినాడు, నా దగ్గరికి కాదు, పాప దగ్గరికి. అదే సరైన పని. హెల్మెట్ నిలువునా చీలింది. తలకు గీత కూడా లేదు. పాప లేచి కూర్చోని నా వైపు చూసి, "అంకుల్, ఆప్‌కా హాథ్" అని నా చెయ్యి చూపించింది. అప్పుడు చూసుకున్నా నేను.

ఫోను మట్టిలో పడి ఇంకా మాట్లాడతానే ఉండె. "వింటాండారా?" అంటాండె మీ అవ్వ.

ఆ వేలు అతకదన్నారు ఆసుపత్రిలో. మూడోదినం రాంఫల్ ఆపిల్ పండ్లు తెచ్చినాడు. చాందినీకి పిచ్చి అని మేడమ్ అందరికీ చెప్తాందంట. పెళ్లి బరాతులకు గుర్రాలు తిప్పేవాడికి సోమవారం అమ్మేస్తాదంట. బరాతంటే బ్యాండు, పటాకులు. గుడ్డకే బెదిరిన గుర్రం ఆడ ఎవుర్నన్నా తొక్కుతాది, లేదా దాన్నే కొట్టి చంపుతారు. ఆ ఆదివారమే నా చేతికున్న చుట్లు రాంఫల్ చూసినాడు. ఎవురికీ చెప్పలే. "ఆప్ దేఖ్ లో ఉస్తాద్", మీరే ఆలోచించుకోండి అని లేచిపోయినాడు.

నీకు అబద్ధమెందుకు, ఆ వారమంతా నేను కూడా నోరు తెరవలే. చెయ్యి నొప్పి ఒక పక్క, ఆ ఎర్ర అక్షరాలు ఒక పక్క. నిద్రలేదు.

సోమవారం పొద్దున్నే కట్టుతోనే ఆటో ఎక్కి పోయినా. మేడమ్ ఉండాది, స్కూల్లో పాప పేరు తీయించడానికి రియా వాళ్లమ్మ వచ్చిండాది, రాంఫల్ ఉండాడు. "చాందినీ తప్పేమీ లేదు. పగ్గం నేను చుట్టుకున్నా, ఫోన్లో మాట్లాడినా" అంటి.

మేడమ్ రాసియ్యమనింది. కుడిచెయ్యి బాగానే ఉండె, హిందీలో రాసిస్తి. రెండు తప్పులు దిద్దింది.

రియా వాళ్లమ్మ ఆ కాగితం చదివి, "మొదటిరోజు ఇంటికొచ్చి మా పాప చున్నీతో నాకు చూపించింది, ఇట్ల చుట్టుకోకూడదమ్మా అని. మీరు నేర్పిందే గదా?" అనడిగింది హిందీలో.

"అవునమ్మా."

"మరి?"

కాగితం తీసుకుని కింద సంతకం పెట్టినా.

చాందినీని అమ్మలే. పగ్గం పని నా దగ్గర తీసేసి రాంఫల్‌కిచ్చినారు. రాంఫల్‌ను పిల్లలందరి ముందరే మాఫీ అడిగినా, అరిచింది వాళ్ల ముందరే గదా. ఆయప్ప చెవులు ఎర్రగయినాయి. చాయ్ తాగుదాం పదండి అన్న్యాడు.

రెండు నెలలకు రియా మళ్లీ వచ్చింది. వాళ్లమ్మే తీసుకొచ్చింది. కొత్త హెల్మెట్. పట్టీ తనే బిగించుకునింది. చాందినీనే కావాలనింది. నేను దగ్గరికి పోతే, "ఉస్తాద్ అంకుల్, మీరు పట్టుకోవద్దు. పక్కన నడవండి" అనింది.

నడిచినా. అరగంట. రెండో చుట్టులో వంగి నా భుజం మీద చెయ్యేసింది, ఊరికే. జీను మీద వంగకూడదు, నిటారుగా కూర్చో అని అరిచినా.

ఇంగ పో, నీకు కాలేజీ టైమయితాండాది. నూరేండ్లు చల్లగా ఉండు తల్లీ, పది వేళ్లతో చల్లగా ఉండు... రోడ్డు దాటేటప్పుడు మాత్రం ఆ ఫోను...