ప్రెసిడెంటు గారి క్షవరం

ఒహాయోలో ఒక యూనివర్సిటీ. డీన్ ఆఫీసు మెట్ల మీద నల్లజాతి విద్యార్థుల సంఘం కార్యదర్శి కాచుక్కూర్చుంది. సంఘం ప్రెసిడెంటు ఉన్ని టోపీ చెవులదాకా లాక్కుని బయటికొచ్చాడు.

“మే నెలలో ఈ టోపీ ఏంటి, ప్రెసిడెంటు గారూ?”

“నిన్న క్యాంపస్ సెలూన్‌లో క్షవరం చేయించుకున్నా.”

“వాళ్లకి మన జుట్టు కత్తిరించడం రాదని ఏడాదిగా అర్జీలు పెడుతున్నాం. అక్కడికే వెళ్లావా? మతి పోయిందా?”

“అర్జీలు ఎవరూ చదవట్లేదుగా. సాక్ష్యం నెత్తిన పెట్టుకెళ్దామని.”

“ఏదీ, ఆ టోపీ తీసి నా చేతికియ్యి.”

“నవ్వనని ఒట్టెయ్.”

“ఒట్టు... ఓరి దేవుడా, నుదురు నడినెత్తిదాకా పాకిందిరా.”

“ఒట్టేశావు.”

“సరే సరే. డీన్ ఏమన్నాడు?”

“‘చక్కగా ఉందే, మరి ఇబ్బందేంటి?’ అన్నాడు.”

“అయిపోయాం.”

“విను. అప్పుడే డీన్ ఆఫీసులో పనిచేసే మిస్ ఒడెస్సా ఫైలు పట్టుకుని లోపలికొచ్చింది.”

“మన చర్చిలో పాడే ఆవిడా?”

“ఆవిడే. నలుగురు మగపిల్లల్ని పెంచిన మనిషి. నా తల చూసి, ‘నీకీ పని చేసిందెవరు నాన్నా?’ అంది. చెప్పా. నన్ను బయట కూర్చోబెట్టి తలుపేసుకుంది.”

“తలుపు తీశాక?”

“డీన్ చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఆగస్టు నుంచి మన జుట్టు తెలిసిన బార్బర్ వారానికి మూడ్రోజులు వస్తాడు. డీన్ సంతకం కూడా పెట్టేశాడు.”

“గెలిచావు కదరా. మొదటి క్షవరం నీకే.”

“నేను శనివారం పట్టా పుచ్చుకుని వెళ్లిపోతున్నాగా. అది కొత్తగా చేరేవాళ్లకి. ముందా టోపీ ఇటివ్వు, అదిగో అమ్మ కారు దిగుతోంది.”