సెడుగుడు సినిమాకి నాను నవ్విన రోజు

"మామ్మా, టీవీ కట్టీసావేటి? సెడుగుడు సినిమా వస్తంది గదా! నీకు మొత్తం నోటికొచ్చు గదా!"

వచ్చు, వచ్చు. నోటికొచ్చు కాబట్టే కట్టీసాను. ఆ రిమోటు ఇలాగియ్యి. మీ నాన్న ఇంకా ఒడ్డుకి రానేదు. గడియారం సూసావా? పదకొండు కల్లా రేవులో ఉండేవోడు, ఇప్పుడు ఒంటిగంటన్నర అయిపోనాది. ఫోను సేస్తంటే ఎవరో ఆడమనిషి అందుబాటులో లేరు అంతంది. సముద్రం బాగానే ఉన్నాదిలే, గాలి కూడా నేదు. అయినా నాకేటో... ఇలాగ కూకో. జడెయ్యమనకు ఇప్పుడు, సాయంత్రం ఏస్తాను.

ఎందుకంటే ఏటి సెప్తాను? తెప్ప నీటి మీదుండగా ఇంట్లో ఆడది తల దువ్వకూడదు, పగలబడి నవ్వకూడదు అనీది మా అత్త. ఎందుకత్తా అని ఓపాలి అడిగీసాను. "గంగమ్మ కూడా ఆడకూతురే, దానికి రోసం. నీ మొగుడు దాని ఒళ్లో ఉంటే నువ్విక్కడ ఇకఇకలాడతావేటే?" అన్నాది. నవ్వకు, నవ్వకు. నాకూ అప్పుడు నవ్వే వచ్చినాది.

ఆ సినిమా మీ తాతతో సూసాను. పెళ్లయి నెల కూడా అవనేదు. సంత ఊర్లో డేరా హాలుండీది, నేల టికెట్టు అర్ధరూపాయి, ఇసకలో కూకోడమే. కాదు కాదు, ఆడోల్లకి ఇంకా తక్కువ. ఎంతో మర్చిపోనాను, పోనీ. మీ తాత నాకు ఏపిన సెనక్కాయలు కొన్నాడు. ఆ మనిషి నాకు కొన్న మొదటి వస్తువు అదే సూడు, పొట్లం సగం తనే తినీసాడు.

కతేటంటే, ఊరి జట్టుకి ఒకడు తక్కువవుతాడు. పోటీ మొదలయిపోతంది. పక్క పెళ్లింట్లో వంట సేస్తన్న వంటోడ్ని గరిటెతో సహా లాక్కొచ్చి బరిలో నిలబెట్టీస్తారు. కూతకెల్తే ఊపిరి తియ్యకూడదు గదా? ఆడికి ఆ కూతకి నోరు తిరగదు. తనొండే వంటల పేర్లే కూతగా "పప్పూ సారూ పప్పూ సారూ" అనుకుంటా ఎల్లిపోతాడు! అవతలోల్లు నవ్వాపుకోనేక పట్టు వదిలీస్తారు. ఆకర్న ఆడి జట్టంతా అవుటయిపోయి ఆడొక్కడే మిగిలినప్పుడు రిఫరీ ఒక మాటడుగుతాడు, ఆడొక మాట సెప్తాడు. అది తరవాత సెప్తాను.

మా వయసోల్లు సూసారు, మా పిల్లలు సూసారు, ఇప్పుడు మీరు. ఎన్ని సినిమాలు రానేదు, ఎన్ని పోనేదు? మన పేటలో వల లాగినా "పప్పూ సారూ" అనే లాగుతారు. మళ్లీ ఓపాలి సెయ్యమ్మా మీ నాన్నకి. రింగవతందా? నేదా? సరే.

పెద్ద తుపానొచ్చినాది గుర్తుందా? నువ్వప్పుడు రెండో తరగతి. ఎల్లొద్దని మైకులో సెప్తానే ఉన్నారు. మీ నాన్నేమో, "నిన్నేసిన వలలు నీటిలోనే ఉన్నాయమ్మా, లాక్కొచ్చీస్తాను" అని దానయ్యని ఎంటేసుకుని ఎల్లిపోనాడు. దానయ్యంటే మన తెప్ప మీదికొచ్చే ఆ పొట్టోడు. ఎల్లినోల్లు మద్దేన్నానికి రానేదు. గాలి లేసిపోనాది. మనందర్నీ తుపాను బిల్డింగులోకి తోలీసారు.

పిల్లలు ఒకటే ఏడుపు. కరెంటు నేదు. అప్పుడు మీ బడి మాస్టారు లాప్టాప్ తీసి, గుంటలు ఏడుపు మానతారని ఈ సినిమా పెట్టారు. అందరూ మూగీసారు. నాను గోడకేసి తిరిగి కూకున్నాను. సూడనేదమ్మా, గంగమ్మ మీదొట్టు. కానీ సెవులు మూసుకోనేను గదా! వంటోడు ఎల్లాడు, "పప్పూ సారూ" మొదలెట్టాడు... నాను నవ్వీసాను.

ఎలాగ నవ్వానో తెలుసా? పొట్ట పట్టుకుని, పెద్దగా. కొడుకు నీటి మీదున్నాడు, గాలి బిల్డింగు తలుపులు పీకేస్తంది, నాను నవ్వీసాను. నోటి మీద నానే కొట్టుకున్నాను. మీ అమ్మ నాకేసి సూసినాది. తిట్టినా బాగుండీది. ఆ సూపు ఇప్పటికీ నా గుండెల్లోనే ఉన్నాది.

ఆకరి ఆట ముందు లాప్టాప్ ఆరిపోనాది. పిల్లలు మళ్లీ గోల. ఇంక ముసిలోల్లందరూ కలిసి నోటితోనే ఆడీసారు, ఒకడు రిఫరీ, ఒకడు వంటోడు. రిఫరీ ఆ మాటడిగాడు. వంటోడిగా ఉన్న ముసిలోడికి జవాబు గుర్తు రానేదు. "నీకు తెలుసు గదా, సెప్పు" అని అందరూ నన్నే సూసారు. నాకు తెలుసు. నోరు తెరవనేదు. తెరిస్తే నవ్వొస్తాదో ఏడుపొస్తాదో నాకే తెలీదు.

మర్నాడంతా కబురు నేదు. మూడోనాడు మీ నాన్న బస్సు దిగాడు. ఎక్కడో ఒడిశా ఒడ్డున పడ్డారంట. దానయ్య భుజమ్మీద సెయ్యేసుకుని కుంటుకుంటా వచ్చాడు. కాళ్లు కడిగి అన్నం పెట్టాను. తింటా తింటా ఏటన్నాడో తెలుసా? "అమ్మా, ఇంజినాగిపోనాది. తెప్పలోకి నీల్లు. డబ్బాతో తోడతన్నాం, సేతులు పడిపోనాయి. దానయ్యగాడు 'పప్పూ సారూ, పప్పూ సారూ' అని తోడడం మొదలెట్టాడు. ఒక్క ఊపిరికి ఎన్ని డబ్బాలో అని పందెం. ఇద్దరం పిచ్చోల్లలాగ నవ్వుకుంటా తోడీసామమ్మా" అన్నాడు.

ఇక్కడ నానూ నవ్వానురా అని సెప్పనేదు. ఈరోజు దాకా ఎవరికీ సెప్పనేదు, నీకే. నవ్వబట్టే బతికాం అంతాడు మీ నాన్న. అయ్యుండొచ్చు. నాకు మాత్రం ధైర్నం సాలదు తల్లీ. ఆడు ఒడ్డునుంటే ఆ సినిమా పదిసార్లయినా సూస్తాను. ఆడు నీటి మీదుంటే ఒక్క ముక్క ఇనను.

ఆ మాటా? అడుగుతావని తెలుసు. రిఫరీ "నీకసలు ఆట తెలుసేటయ్యా?" అంతాడు. వంటోడు గరిటె సంకలో పెట్టుకుని దండమెడతాడు. "ఆట తెలీదు బాబూ. ఎల్లినోడు ఊపిరితో తిరిగి రావాలని మట్టుకు తెలుసు" అంతాడు.

డేరా హాలంతా గొల్లుమన్నాది. మీ తాత కూడా నవ్వాడు. తెల్లారితే సేపలేటకెల్లాల ఆ మనిషి. నాను నవ్వుతానే ఆయన సొక్కా పట్టుకున్నాను.

పోనీ, పెట్టుకో. ఇదిగో రిమోటు. సిన్నపిల్లల నవ్వుకి గంగమ్మకి కోపం రాదు. నువ్వు నవ్వు తల్లీ, నూరేల్లు నవ్వు. నాను గుమ్మంలో కూకుంటాను. సౌండు మట్టుకు తగ్గించు, మీ నాన్న తెప్ప ఇంజిను సప్పుడు ఇనబడాల...

ఉండు. ఇంకా తగ్గించు.