అప్పన్న ఎత్తే బరువు

మూడు రోజుల విహారానికి ఓడ ఎక్కడానికి ఇంకా రెండు రోజులే ఉన్నాయి. మల్కాపురం ఇంట్లో ఆవిడ సూట్‌కేసు సర్దుతోంది. పోర్టులో ముప్పై ఏళ్ళు క్రేను నడిపి రిటైరైన ఆవిడ మొగుడు, గుమ్మంలో నిలబడి వంకలు వెతుకుతున్నాడు.

"మూడ్రోజులు అప్పన్నకి దీపం ఎవలెడతారే?"

"పక్కింటి కేథరిన్‌కి సెప్పినాను మావా. ఒత్తులు, నూనె ఇచ్చేసినాను."

"అప్పన్నకి కిరస్తానీ దీపమా?"

"ఆళ్ళ క్రిస్మస్ కేకు ఆరు ముక్కలు తిన్నప్పుడు నువ్వడిగినావేటి, ఇది ఏ మతం కేకని?"

"అది కాదే. సుట్టాల పెళ్ళేదైనా ఉందేమో సూడు."

"ఆషాడంలో ఎవడికి మావా పెళ్ళి?"

ఆవిడ మడతపెడుతున్న చీర పక్కన పెట్టింది.

"పెళ్ళైన కాడ్నించి ఓడెక్కిత్తానన్నావు. ఇప్పుడు బయమా?"

"నాను ఓడల్లోకి సరుకు దింపినానే గానీ, ఎప్పుడూ కాలెట్టలేదే. నాకు ఈత రాదు."

"మరి ఈదిలో అందరికీ సెప్పిన ఆ సముద్రం కబుర్లు?"

"గట్టు మీంచి సూసే సెప్పినాను."

ఆవిడ నవ్వాపుకుని, సింహాద్రి అప్పన్న చిన్న పటం ఇంకోటి తీసి, కొంగుతో తుడిచి సూట్‌కేసులో చీరల కింద పెట్టింది.

"వరాహమై బూమినే సముద్రంలోంచి పైకెత్తినోడు మావా. నీ ఎనబై కేజీలు ఎత్తలేడా?"

ఆయన పెట్టె వైపు అనుమానంగా చూశాడు.

"అయితే ఆయన్ని అడుగున ఎట్టకే. అవసరమొత్తే, ముందు ఆయన బయటికి రావాలి కదా!"