తండ్రి పేరు

జెరూసలేం వెళ్లిన మనవరాలు ఏడాది తర్వాత చైనాలో, కైఫెంగ్‌లోని ఇంటికొచ్చి, భుజాన సంచీ కూడా దించకుండా తాత పక్కన కూలబడింది.

“మనవాళ్లు బాగా చూసుకున్నారా?”

“చూసుకున్నారు తాతయ్యా. కానీ ముందు మతం మారమన్నారు.”

“ఎందులోంచి ఎందులోకే? మనం యూదులమే కదా!”

“అక్కడ తల్లి యూదురాలైతేనే లెక్క. మనకేమో నాన్న వైపు నుంచి వచ్చింది.”

“కరువులో కూడా మనింట్లో పంది మాంసం ముట్టలేదని చెప్పావా?”

“చెప్పాను. మెచ్చుకున్నారు. అయినా మారాల్సిందేనన్నారు.”

“మారావా?”

“వాదించే ఓపిక లేక మారాను. మారినవాళ్లందరికీ తండ్రి పేరు యూదుల మూలపురుషుడు అబ్రహాందే రాస్తారు.”



“మరి నా కొడుకు?”

“నాన్న పేరు కూడా రాయమని బతిమాలాను తాతయ్యా. కుదరదన్నారు.”

“పోనీలే. వాడి సమాధి రాయి మీద కూతురుగా నీ పేరే చెక్కించాను. దాన్నెవడు చెరుపుతాడు?”